కుడి వెనక చక్రం

ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దింది కాబట్టి వీధిలో ఆవిడ పేరు ప్రూఫులమ్మ అయిపోయింది. అసలు పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. మందు పెట్టెలోని కాగితం, కరెంటు బిల్లు వెనక సూచనలు, గోడకి అంటించిన ప్రకటన, అచ్చైంది ఏదైనా సరే చదవకుండా వదిలేది కాదు. ఎక్కడ ఒత్తు ఎగిరిపోయినా, ఎక్కడ సున్న జారిపోయినా ఆవిడ కంట పడి తీరాల్సిందే. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు ఎదురుగా బోర్డులో తప్పు కనిపిస్తే, నోట్లో దూది ఉండగానే వేలు చూపించి మరీ దిద్దించింది.

ఆవిడ భర్త బ్రేకుల మాస్టరు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, రెండు కార్లు పట్టేంత జాగా, గోడకి వరసగా వేలాడే పానాలు. బ్రేకుల పని తప్ప ఇంకో పని ముట్టేవాడు కాదు. “బండి కదలకపోతే ఎవరికీ ఏం కాదు. ఆగకపోతేనే కదా ఏదైనా అయ్యేది” అనేవాడు. భారీ మనిషి. ఆయన కారు కింద దూరితే కారే కొంచెం పైకి లేచినట్టుండేది. పనిలో ఎంత ఖచ్చితమో మాట ఇవ్వడంలో అంత దొంగ. ఎవరొచ్చి “మాస్టరూ, బండి ఎప్పుడిస్తావు?” అని అడిగినా ఒకటే జవాబు: “రేపు.” ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. అయినా జనం ఆయన్ని విడిచిపెట్టి ఇంకో చోటికి పోయేవారు కాదు.

ఆయనకి చదువు అంతంత మాత్రం. కొత్త కార్లు రావడం మొదలయ్యాక కోడ్లు చదివే మెషీను ఒకటి కొనక తప్పలేదు. స్టీరింగు కింద ఉండే సాకెట్టులో గుచ్చితే, కారులోని కంప్యూటరు తనకి ఎక్కడ ఇబ్బందిగా ఉందో ఒక అక్షరం, నాలుగు అంకెల్లో చెబుతుంది. అక్షరాలేమో చీమ తలకాయంత. మాస్టరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, “ఇదిగో, ఇది మీ జాతి వస్తువు, నువ్వే చదువు” అని భార్య చేతిలో పెట్టేవాడు. ఆవిడ సాయంత్రం ప్రెస్సు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా షెడ్డులోకి వెళ్ళి, కోడ్లు చదివి, లావుపాటి పుస్తకంలో వాటి అర్థం వెతికి వినిపించేది. మధ్యలో పుస్తకంలోని అచ్చుతప్పులు కూడా దిద్దేది. “నువ్వు కారు బాగుచేస్తున్నావా, పుస్తకం బాగుచేస్తున్నావా?” అని ఆయన నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున్న వ్యాను కింద పడుకుని బ్రేకు పైపు నట్టు బిగిస్తుండగా పానా ఆయన చేతిలోంచి జారి ఛాతీ మీద పడింది. తీసుకుందామంటే చెయ్యి లేవలేదు. పక్కనే టైర్ల కొట్టు నడిపే తమ్ముడు గాలి పట్టించుకోవడానికి వచ్చిన మనిషిని అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చి, అన్నని కాళ్ళు పట్టి బయటికి లాగాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

మూడు వారాల తర్వాత ఆసుపత్రి మంచం మీద ఒక మాట తిరిగొచ్చింది. ప్రూఫులమ్మ తల దువ్వుతుంటే ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని, ఎంతో కష్టపడి, పెదాలు వంకర పోతుండగా అన్నాడు: “రేపు.”

అందరూ సంతోషించారు. రేపటికల్లా ఇంకా మాటలొస్తాయని చెబుతున్నాడనుకున్నారు. కాని నీళ్ళు కావాలన్నా “రేపు”, కిటికీ మూయమన్నా “రేపు”, నొప్పిగా ఉందన్నా “రేపు”. ఆయన తల లోపల మాటలన్నీ ఉన్నాయనీ, బయటికొచ్చే దారిలో మాత్రం అదొక్కటే దొరుకుతోందనీ డాక్టరు చెప్పాడు. తమ్ముడు ఆ మాట విని కళ్ళు తుడుచుకుంటూనే, “ముప్పై ఏళ్ళు అరగదీసిన మాట కదా వదినా, అదెక్కడికి పోతుందిలే” అన్నాడు. ప్రూఫులమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ వరండాలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడి చాలాసేపు ఏడ్చింది.

షెడ్డు నాలుగు నెలలు మూతపడింది. ఆ తర్వాత ఒకాయన వచ్చి, కారులో ఏదో దీపం వెలుగుతోంది, కాస్త మెషీను పెట్టి చూడమ్మా అన్నాడు. చూసింది. రెండోరోజు ఇంకొకరు వచ్చారు. ప్రెస్సులోనూ పని సగం రోజుకి పడిపోయింది, మనుషుల బదులు కంప్యూటరే తప్పులు పట్టేస్తోంది. అలా ఒక్కో తలుపూ తెరుచుకుంది. జాకీ ఎత్తడం, బిగుసుకుపోయిన నట్లు విప్పడం మరిది చూసుకునేవాడు. మిగిలిందంతా ఆవిడ. షెడ్డు గుమ్మం దగ్గర చేతుల కుర్చీలో మాస్టరు కూర్చుని, ఎడం చేత్తో చూపించేవాడు. ఎక్కువ బిగిస్తే నాలుక చప్పరించేవాడు, సరిగ్గా బిగిస్తే కళ్ళు మూసి తెరిచేవాడు. ఏడాది తిరిగేసరికి ఆవిడ గోళ్ళలో ప్రెస్సు సిరా పోయి గ్రీజు చేరింది.

ఆ వానాకాలం మొదట్లో వచ్చింది నర్సమ్మ.

మనిషి సన్నం, గొంతు పెద్దది. ఆసుపత్రిలో ఉద్యోగం చేసి మానేశాక సొంత కారులో ఒక పని పెట్టుకుంది. నడవలేని పెద్దవాళ్ళని ఇంటి దగ్గర ఎక్కించుకుని, ఆసుపత్రిలో చూపించి, మందులు కొనిపెట్టి, మళ్ళీ ఇంట్లో దింపడం. ముందు సీటు నిండా ఆమె సంచీలు, ఫైళ్ళు, మడత పెట్టిన చేతికర్రలు. మనుషులంతా వెనక సీట్లోనే.

“బ్రేకు దీపం వెలుగుతోంది, నొక్కితే మాత్రం బాగానే ఆగుతోంది. మొన్న వానలో ఒక తాతగారిని తీసుకెళ్తుంటే కుక్క అడ్డం వచ్చింది. గట్టిగా నొక్కాను. కారు ఆగలేదు, పక్కకి జారింది! తాతగారు ‘ఏం కాలేదులే అమ్మా’ అని నాకే ధైర్యం చెప్పాడు.” అంది నర్సమ్మ.

ప్రూఫులమ్మ లోపలికి తొంగిచూసింది. వెలిగింది ఎర్ర దీపం కాదు, పసుపుపచ్చది. “ఎర్రది కూడా వెలిగితే బండి కదపకూడదు. ఇది పసుపుది కాబట్టి మామూలు బ్రేకు పనిచేస్తుంది. కాని చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసేది ఒకటుంటుంది, ఏబీఎస్. అది అలిగి కూర్చుంది. తడి రోడ్డు మీద మీకు దాని అవసరం” అని చెప్పి మెషీను గుచ్చింది.

C0050 అని వచ్చింది. పుస్తకం తీసింది. కుడి వెనక చక్రం, వేగం చెప్పే సెన్సారు. ప్రతి చక్రం దగ్గరా వేలెడంత సెన్సారు ఒకటుంటుంది. చక్రంతో పాటు తిరిగే పళ్ళ రింగు దాని ముందు నుంచి పోతుంటే, ఆ పళ్ళని లెక్కపెట్టి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటరుకి చెబుతుంది. ఆ కబురు అందకపోతే కంప్యూటరు మొత్తం ఏబీఎస్‌నే పక్కన పెట్టి దీపం వెలిగిస్తుంది.

ఆవిడ కొత్త సెన్సారు తెప్పించి వేసింది. కోడు తుడిచేసి, ఊరి చివరి దాకా నడిపి చూసింది. దీపం రాలేదు. నర్సమ్మ సంతోషంగా కారు తీసుకుపోయింది.

మూడోరోజు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే దీపం, అదే కోడు. వెనక సీట్లో బరువైన ముసలమ్మ ఒకరు ఉన్నారు. నర్సమ్మ ఆమెని జాగ్రత్తగా దింపి, ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఈసారి ప్రూఫులమ్మ చక్రం విప్పించింది. పళ్ళ రింగు మీద తుప్పు పట్టిందేమోనని బ్రష్షుతో రుద్దింది, ఒక్కో పన్నూ టార్చి వేసి లెక్కపెట్టింది. చక్రం పట్టుకుని ఊపి చూసి, బేరింగు వదులు లేదని మరిది చేత కూడా ఒప్పించుకుంది. కోడు తుడిచి, గంటసేపు నడిపింది. దీపం లేదు. రెండు రోజుల్లో నర్సమ్మ మళ్ళీ గుమ్మంలో ఉంది, దీపంతో సహా.

“వదినా, నా మాట విను. ఆ బల్బు పీకేద్దాం. దీపం ఉంటేనే కదా బాధ” అన్నాడు మరిది.

“జ్వరం వస్తే థర్మామీటరు విరగ్గొడతావా నువ్వు?”

“ఊరికే అన్నాను.”

“నువ్వు ఊరికే అన్నవన్నీ ఎక్కడో ఎవరో చేసేస్తుంటారు. పోయి నీ పంచరు చూసుకో.”

మరిదిని కసిరిందే కాని, ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు. పెద్దపెద్ద గ్యారేజీలు వదిలి తన దగ్గరికి వస్తున్నారంటే అది మాస్టరు పేరు చూసి. ఆ పేరు తన చేతుల్లో చెడిపోతోందని దిగులు పట్టుకుంది.

ఆ నాలుగైదు రోజులూ మాస్టరు కూడా ఎందుకో కుదురుగా లేడు. నర్సమ్మ కారు షెడ్డులో ఉన్నంతసేపూ కుర్చీలోంచి లేవడానికి చూసేవాడు. చేతికర్ర ఊతంగా కారు దాకా వచ్చి, వెనక తలుపు మీద అరచేత్తో చరిచేవాడు. “రేపు. రేపు, రేపు!”

“మీకు షికారు కావాలా? పని కానివ్వండి, తీసుకెళ్తాను” అనేదావిడ, పానా మీంచి కళ్ళెత్తకుండా.

ఆయన తల అడ్డంగా ఊపేవాడు. మళ్ళీ తలుపు చరిచేవాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు మీద కొట్టేవాడు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చేది. కుర్చీలో దిండు సర్దేది. ఆయన కళ్ళు మూసుకుని నిట్టూర్చేవాడు.

నర్సమ్మ మూడోసారి కారు వదిలిపెట్టి వెళ్ళిన రోజు మధ్యాహ్నం, ప్రూఫులమ్మ కరెంటు కొలిచే మల్టీమీటరుతో సెన్సారుని పరీక్షిస్తోంది. అంకె సరిగ్గా ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే ఆవిడకి పిచ్చెక్కిస్తోంది. అప్పుడే వెనక నుంచి మళ్ళీ తలుపు మీద దబదబా చప్పుడు. “రేపు! రేపు!”

“అబ్బా!” ఆవిడ మల్టీమీటరు నేలమీద పెట్టి లేచింది. “ఏంటండీ మీ రేపు? ఏం కావాలి మీకు? ఒక్క మాట చెప్పండి. ఒక్కటంటే ఒక్క మాట! నేనేమైనా మీ కడుపులో దూరి చూడగలనా?”

అన్న మరుక్షణం ఆయన ముఖం చూసింది. కోపం లేదు. తలుపు మీదున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. బడిలో జవాబు తెలిసి కూడా చెప్పలేక నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. చేతికర్ర నేల మీద జారితే, దాన్ని వంగి అందుకోలేక దాని వంకే చూస్తున్నాడు.

ఆవిడ కర్ర తీసి ఇచ్చింది. కర్ర పట్టుకున్న ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడింది. ఇరవై రెండేళ్ళు ఇతరుల తప్పులు పట్టిన మనిషికి, తన తప్పు దగ్గరికొచ్చేసరికి ఎక్కడ గీత గీయాలో తెలియలేదు.

“సరే. పని తర్వాత. పదండి, అలా తిరిగొద్దాం” అంది చివరికి.

ముందు తలుపు తీసి సంచీలు పక్కకి జరపబోయింది. ఆయన కదల్లేదు. వెనక తలుపు చూపించాడు. ఎడమవైపు వెనక తలుపు తీస్తే అదీ కాదన్నట్టు తలూపాడు. కారు చుట్టూ తిరిగి కుడివైపుకి, డ్రైవరు సీటు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

“అక్కడైతే నాకు మీ ముఖం కూడా కనపడదండీ.”

“రేపు” అన్నాడు, ఇక వాదన లేదన్నట్టు.

ఆయన్ని ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. ముందు వెనక్కి తిప్పి సీటు అంచున కూర్చోబెట్టి, కుడికాలు రెండు చేతులా ఎత్తి లోపల పెట్టి, తల తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆయన కూర్చోగానే కారు ఆ మూల బాగా దిగబడింది. టైర్ల కొట్టులోంచి మరిది, “అన్నయ్యా, నా టైరు జాగ్రత్త!” అని అరిచాడు. మాస్టరు ఎడం చెయ్యి ఊపాడు.

మెషీను ముందు సీట్లో సంచీల మీద పెట్టి, నాలుగు చక్రాల వేగమూ పక్కపక్కనే కనపడేలా చేసుకుంది. నడుస్తుంటే నాలుగు అంకెలూ అక్కచెల్లెళ్ళలా కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి. ముప్పై, ముప్పై రెండు, ముప్పై అయిదు. స్కూలు గోడ దాటి, నీళ్ళ ట్యాంకు మలుపు తిరిగి, గతుకుల రోడ్డెక్కింది. మొదటి గతుకులో కారు వెనక భాగం కిందికి దిగి లేచింది.

నాలుగో అంకె సున్న అయిపోయింది. మూడు చక్రాలు ముప్పై అయిదులో పోతున్నాయి, కుడి వెనక చక్రం మాత్రం కదలడమే లేదని కారు అనుకుంటోంది. ఎదురుగా పసుపు దీపం వెలిగింది.

వెనక నుంచి సీటు మీద పిడికిలి చప్పుడు వినపడింది. దానితో పాటు ఒక నవ్వు. గొంతులోంచి గురగురమని వచ్చే మాస్టరు పాత నవ్వు. ఏడాదిన్నరగా ఆవిడ వినలేదు దాన్ని.

కారు పక్కకి ఆపింది. వెనక్కి తిరిగి చూస్తే, ఆయన ఎడం అరచేతిని గాలిలో కిందికి నొక్కి చూపిస్తున్నాడు. కిందికి, ఇంకా కిందికి. తర్వాత వేలితో తన బొజ్జ పొడుచుకుని, మళ్ళీ కిందికి చూపించాడు.

“బరువు! వెనక మనిషి ఉంటేనే వస్తోంది! నేనేమో రోజూ ఖాళీ కారు తిప్పుతున్నాను!” అంది ఆవిడ.

ఆయన కళ్ళు మూసి తెరిచాడు.

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఆయన చూసింది అదన్నమాట. దీపంతో వచ్చిన ప్రతిసారీ నర్సమ్మ ఆ కుడివైపు తలుపులోంచే ఎవరో ఒకరిని దింపింది. కాలిబాట వైపు కాదని తెలిసినా అటే దింపేది, ఎందుకంటే డ్రైవరు సీట్లోంచి దిగి ఒక్క అడుగు వేస్తే చాలు, వాళ్ళ చెయ్యి పట్టుకోవచ్చు. దీపం లేకుండా తీసుకుపోయిన ప్రతిసారీ ఒక్కతే ఎక్కి పోయింది. షెడ్డులో తలవంచుకుని పనిచేసే మనిషికి అది కనపడదు. రోజంతా వీధి చూస్తూ కూర్చున్న మనిషికి కనపడింది. చెప్పడానికి మాత్రం మాట లేకపోయింది.

షెడ్డుకి వచ్చి మళ్ళీ పుస్తకం తెరిచింది. C0050 ఎదురుగా ఉన్న వాక్యాన్ని ఈసారి ప్రూఫు చదివినట్టు, వేలు పెట్టి, మాట మాటా విడదీసి చదివింది. ‘కుడి వెనక చక్రపు వేగం సెన్సారు సర్క్యూట్.’ చివరి మాట దగ్గర వేలు ఆగిపోయింది. సెన్సారు అనగానే ఆవిడ కన్ను పరిగెత్తింది, సర్క్యూట్ అన్న మాటని మింగేసింది. సెన్సారు పాడైందని అక్కడ ఎవరూ అనలేదు. సెన్సారు నుంచి కంప్యూటరు దాకా ఉన్న దారిలో ఎక్కడో కబురు తెగుతోందని మాత్రమే అన్నారు. ఆ దారిలో సెన్సారుంది, తీగ ఉంది, తీగని కలిపే సాకెట్లున్నాయి, చివర కంప్యూటరుంది. వెతకాల్సిన వీధి చెప్పింది కోడు, ఇంటి నంబరు చెప్పలేదు. తను మాత్రం మొదటి ఇంటి తలుపు కొట్టేసి పని అయిపోయిందనుకుంది.

“ప్రెస్సులో ఇలా చదివుంటే మొదటి నెల్లోనే పంపించేసేవాళ్ళు నన్ను” అంది భర్తతో. ఆయన సానుభూతిగా నాలుక చప్పరించాడు.

చక్రం విప్పించి, మల్టీమీటరుని సెన్సారు తీగ రెండు చివర్లకీ కలిపి పెట్టి, మాస్టరుని కుర్చీతో సహా దగ్గరికి జరిపింది. ఆయన ఎడం చేతి చూపుడువేలు చక్రం వెనకకి పోయి, తీగ వెంబడి పాకుతూ, సెన్సారుని కలిపే సాకెట్టు దాటి, ఇరుసు పక్కన తీగ మెలిక తిరిగే చోట ఆగింది. అక్కడ దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్కు బిగింపు ఎప్పుడో ఊడిపోయింది. పైన రబ్బరు నున్నగా, నిండుగా ఉంది. చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆయన వేలితో దాన్ని కొంచెం వంచాడు. మీటరులో అంకె మాయమైంది. వదిలాడు, అంకె వచ్చింది. వంచాడు, పోయింది.

వెనక ఎవరైనా కూర్చుంటే కారు దిగబడుతుంది, ఆ మెలిక నలుగుతుంది, లోపల తెగిన రాగి పోగులు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. మనిషి దిగిపోతే మళ్ళీ తగులుకుంటాయి. అంతే సంగతి. రబ్బరు చీల్చి చూస్తే రాగి పచ్చగా పాచి పట్టి, వేలితో ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

ఆ మెలికలో అతుకు వేస్తే మళ్ళీ తెగుతుందని, సాకెట్టు నుంచి పై దాకా కొత్త తీగ వేసింది. కొత్త బిగింపు పెట్టింది. పాత సెన్సారులో ఏ దోషమూ లేదని తేలింది కాబట్టి దాన్ని శుభ్రం చేసి ఒక సంచిలో వేసి, నర్సమ్మకి ఇచ్చి జరిగింది దాచకుండా చెప్పాలనుకుంది. తర్వాత మాస్టరుని వెనక కుడివైపు, మరిదిని ఎడమవైపు కూర్చోబెట్టుకుని గతుకుల రోడ్డు మీద అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తిప్పింది. నాలుగు అంకెలూ కలిసే నడిచాయి. దీపం రాలేదు.

“వదినా, ఇంకొక్కసారి తిప్పితే మధ్యాహ్నం తిన్నది బయటికొచ్చేస్తుంది” అన్నాడు మరిది. అన్నదమ్ములిద్దరూ భుజాలు ఒరుసుకుని, సీటంతా నిండిపోయి కూర్చున్నారు. మాస్టరు తల తమ్ముడి భుజానికి ఆనింది. మరిది కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆ భుజం కదలకుండా ఉంచుకున్నాడు.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. అంతా విని నోరు తెరిచింది. “అవును! నేను ఒక్కదాన్నే ఇంటికెళ్ళేటప్పుడు ఎప్పుడూ వెలగలేదు. మరి ఆ సంగతి మీరు నన్ను అడగలేదే?”

“అడగలేదు. ఏమవుతోందని అడిగానే కాని, ఎప్పుడవుతోందని అడగలేదు. తప్పు నాది. సెన్సారు కూడా అనవసరంగా మార్చాను” అంది ప్రూఫులమ్మ.

“మరి ఎలా కనిపెట్టారు?”

“నేను కాదు. ఆయన.”

నర్సమ్మ వెళ్ళి మాస్టరు కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రోగులతో మాట్లాడి మాట్లాడి ఆమెకి అది అలవాటు, కళ్ళు ఒకే ఎత్తులో ఉండాలి. “మాస్టరుగారూ, నా పెద్దవాళ్ళందరి తరఫునా చెబుతున్నాను, చాలా థాంక్సండీ” అంది. మాస్టరు ఎడం చేత్తో ఆమె తల మీద ఒకసారి తట్టాడు. తర్వాత ఆమె ఆయన కుడి చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే చాపి చూసి, “దీనికి వ్యాయామం ఎవరు చేయిస్తున్నారు? మాటలకి ఎవరు వస్తున్నారు?” అని భార్యని నిలదీసింది. మొదట్లో ఒకాయన వచ్చేవాడని, దూరమని మానేశాడని ప్రూఫులమ్మ నసిగింది. మర్నాటి నుంచి నర్సమ్మ కారులో వారానికి రెండుసార్లు వెనక సీట్లో కుడివైపు మాస్టరుకే.

మాటలు నేర్పే అమ్మాయి దగ్గర ఆయన పాఠాలు మొదలయ్యాయి. అయిదు నెలల తర్వాత రెండో మాట వచ్చింది. “కాదు.” ప్రూఫులమ్మ దాని కోసం అంత ఎదురుచూసిందా, తీరా వచ్చాక రోజూ దానితోనే వేగాల్సి వచ్చింది. కూర బాగుందా అంటే కాదు, స్నానానికి లేస్తారా అంటే కాదు, నట్టు చాలా అంటే కాదు. మరిది, “రేపు ఉన్నప్పుడే హాయిగా ఉండేది వదినా” అన్నాడు. ఆ తర్వాత తమ్ముడి ముద్దుపేరు వచ్చింది. టీ వచ్చింది. ఆవిడ పేరు మాత్రం చాలా ఆలస్యంగా, అందులో మొదటి అక్షరం మింగేసి వచ్చింది. ఆ ఒక్క తప్పునీ ఆవిడ దిద్దలేదు.

పని పద్ధతి కూడా మారింది. ఇప్పుడు ఎవరు వచ్చినా మెషీను గుచ్చే ముందు బల్ల మీద కూర్చోబెట్టి అడుగుతుంది. ఎప్పుడు వెలుగుతోంది? వానలోనా, ఎండలోనా? మలుపులోనా, గతుకులోనా? బండిలో ఎంతమంది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు? కొందరికి విసుగు. “కారు బాగుచెయ్యమంటే కుటుంబం వివరాలు అడుగుతుందేంటి” అని గొణుగుతారు. అయినా చెబుతారు. టెస్టుకి వెళ్ళేటప్పుడు మాస్టరు వెంట ఉండాల్సిందే. ముందు సీటా, వెనక సీటా అన్నది ఆయన ఇష్టం.

మొన్న ఒక పాల వ్యాపారి వ్యాను తీసుకుని ఇద్దరూ బయల్దేరారు. నెమ్మదిగా పోతుంటే, అవసరం లేకపోయినా ఏబీఎస్ తనంతట తాను పనిచేసి బ్రేకు పెడల్ కాలి కింద గిలగిల్లాడుతోందని వ్యాపారి చెప్పాడు. ఊరు దాటేసరికి వాన పట్టుకుంది. అద్దం మీద తుడుపు కర్రలు ఆడించినా దారి కనపడనంత వాన. రోడ్డు పక్కకి ఆపి ఇంజిను కట్టేసింది. పైకప్పు మీద చినుకుల మోత. ఇద్దరి ఊపిరితో కిటికీ అద్దాలు మసకబారాయి.

ఆవిడ తాను తెచ్చిన ఫ్లాస్కులోంచి మూతలో టీ పోసి ఆయన ఎడం చేతికి అందించింది. ఆయన రెండు గుక్కలు తాగి మూత తిరిగి ఇచ్చేసి, మసక అద్దం మీద వేలితో ఒక గుండ్రం గీశాడు. గుండ్రం చుట్టూ చిన్నచిన్న పళ్ళు గీశాడు, ఓపిగ్గా, ఒక్కొక్కటే. చివరికి ఒకచోట పన్ను గీయకుండా ఖాళీ వదిలేసి, ఆ ఖాళీని వేలితో పొడిచి చూపించాడు.

ఆవిడ తల వంచి చూసింది. “ఏంటిది, మీ నోరా?”

“కాదు!” అన్నాడాయన, పై వరసలో పోయిన పన్ను కనపడేలా నవ్వుతూ.

“పళ్ళ రింగులో పన్ను విరిగిందంటారా? నెమ్మదిగా పోయేటప్పుడు ఒక పన్ను లెక్క తప్పి, చక్రం జారిందనుకుంటోందంటారా?”

ఆయన కళ్ళు మూసి తెరిచాడు. అయితే ఏ చక్రమో చూడాలి, ముందు కుడివైపుది విప్పుదాం అంది ఆవిడ. ఆయన ఎడమ అన్నట్టు చెయ్యి ఊపాడు. కుడి అంది. “కాదు” అన్నాడు. వాన ఇంకా తగ్గలేదు. మూతలో మిగిలిన టీ ఆవిడ తాగేసి, ఆయన బొమ్మకి కుడిపక్కన అద్దం మీద తన వేలితో ఇంకో గుండ్రం గీయడం మొదలుపెట్టింది.